ఓడ పద్దులో మీరు కొననిది పడకుండా: క్రూయిజ్ ఖాతాను కాపాడుకునే పద్ధతి

అంగడి పద్దు సీమలో తెలియని ఇల్లు లేదు. సరుకు తెచ్చుకుంటాం, అంగడాయన నోటుబుక్కులో రాసుకుంటాడు, జీతం వచ్చాక కూర్చుని లెక్క చూసి కడతాం. తేడా వస్తే మరుసటి రోజు పోయి అడుగుతాం. ఆయనా అక్కడే ఉంటాడు, పుస్తకమూ అక్కడే ఉంటుంది. క్రూయిజ్ ఓడలో మీ పేరు మీద తెరిచే ఖాతా కూడా అలాంటి పద్దే. కాకపోతే అందులో బార్‌లో పనిచేసే కుర్రాడు రాస్తాడు, ఫొటోల కౌంటర్ రాస్తుంది, పిల్లలు ఆడే వీడియో గేమ్ మెషిన్ తనంతట తానే రాసేస్తుంది. నాలుగు రాత్రులు గడిచి మీరు దిగి ఇంటిదారి పట్టాక ఆ పుస్తకం మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళిపోతుంది. కాబట్టి తప్పు పద్దు పడితే ఓడలో ఉండగానే, వీలైతే అదే రోజు సాయంత్రం పట్టుకోవాలి. కింద చెప్పే పనులన్నీ దానికోసమే.

ముందు తప్పులు ఎక్కడినుంచి వస్తాయో తెలియాలి. ఓడలో నోట్లు నడవవు. ఎక్కేరోజు ఇచ్చే ప్లాస్టిక్ కార్డే గది తాళం, గుర్తింపు కార్డు, పర్సు. కొన్ని ఓడల్లో దాని బదులు చేతికి పట్టీ ఇస్తారు. ఆ కార్డు గీకిన ప్రతిసారీ పద్దులో ఒక లైను పెరుగుతుంది. దొంగ చేతికి కార్డు చిక్కి డబ్బు పోవడం జరగకపోదు గానీ అరుదు. ఎక్కువగా జరిగేవి వేరు: గది నంబరు తప్పు కొట్టడం, ఒకే చీటీ రెండుసార్లు ఎక్కడం, ముందే డబ్బు కట్టిన వైఫైనో టిప్పులనో మళ్ళీ వేయడం, పిల్లలు కార్డు గీకుతూ పోవడం, గదిలో పెట్టిన నీళ్ళ సీసా ఉచితమనుకుని తాగేయడం. వీటిలో ఒక్కటి కూడా పోలీసు కేసు కాదు. అయినా డబ్బు మాత్రం మీదే పోతుంది.

మొదటి పని: ఇంట్లో ఉండగానే కార్డు సిద్ధం చేసుకోండి

కడప వాళ్ళు చెన్నైకి, అనంతపురం వాళ్ళు బెంగళూరుకి, కర్నూలు వాళ్ళు హైదరాబాదుకి బయల్దేరక ముందే ఈ పని అయిపోవాలి. రేణిగుంట దాటాక రైల్లోనో, దేవనహళ్ళి విమానాశ్రయంలో లైన్లో నిలబడో చేసేది కాదు. ఎందుకంటే ఓటీపీలు వచ్చేది మీ సిమ్‌కి, సముద్రం మధ్యలో ఆ సిమ్‌కి సిగ్నల్ ఉండదు.

ఏ కార్డు ఇవ్వాలి? క్రెడిట్ కార్డు ఉంటే అదే ఇవ్వండి, డెబిట్ కార్డు వద్దు. ఓడ మీ కార్డు మీద ముందుగానే కొంత డబ్బు ఆపి పెడుతుంది. దాన్ని హోల్డ్ అంటారు. ఖర్చు పెరిగేకొద్దీ హోల్డులూ పెరుగుతాయి. ఉదాహరణకు మొదటి రోజు 100 డాలర్లు, తర్వాత 80, మరో 80 ఆపారనుకోండి. చివరికి మీ అసలు బిల్లు 260. ఆ 260 తీసుకున్నాక కూడా పాత హోల్డులు వెంటనే విడుదల కావు, బ్యాంకును బట్టి కొన్ని రోజులు పడుతుంది. డెబిట్ కార్డయితే ఆ రోజుల్లో మీ సేవింగ్స్ ఖాతాలోంచి 520 డాలర్లకు సరిపడే రూపాయలు కదలకుండా ఉంటాయి. క్రెడిట్ కార్డయితే తగ్గేది లిమిటే, ఇంట్లో డబ్బు కాదు. పైగా బ్యాంకుతో తగాదా వస్తే, పోయిన డబ్బు వెనక్కి తెచ్చుకోవడం కన్నా కట్టాల్సిన బిల్లులో ఒక లైనును ఆపించడం తేలిక.

రూపే డెబిట్ కార్డు మాత్రమే ఉన్నవాళ్ళు అది చెల్లుతుందో లేదో ఓడ కంపెనీని ముందే అడగాలి. విదేశీ ఓడలు మామూలుగా వీసా, మాస్టర్‌కార్డ్ తీసుకుంటాయి. కార్డు లేకపోతే చాలా ఓడల్లో డిపాజిట్‌గా నగదు కట్టి ఖాతా తెరవొచ్చు. చేతికి వచ్చిన పెన్షన్ లెక్కగా వాడుకునే పెద్దవాళ్ళకు ఇది నిజంగా మంచి దారి. కట్టిన 100 డాలర్లు అయిపోతే కార్డు పనిచేయదు, అంతకుమించి ఎవరూ రాయలేరు. మిగిలింది చివరి రోజు కౌంటర్లో వెనక్కి ఇస్తారు. విదేశీ నోట్లు మన దేశం నుంచి ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల విలువ దాకా తీసుకెళ్ళొచ్చు.

కార్డు ఏదో తేలాక బ్యాంకు యాప్ తెరవండి. రిజర్వ్ బ్యాంకు ఆదేశాల ప్రకారం 2020 అక్టోబర్ నుంచి ప్రతి కార్డుకీ విదేశీ వాడకం, ఆన్‌లైన్ వాడకం, తాకించి చెల్లించే వాడకం విడివిడిగా ఆన్, ఆఫ్ చేసుకునే వీలుంది, పరిమితి కూడా పెట్టుకోవచ్చు. విదేశీ వాడకం ఆన్ చేసి, మీరు అనుకున్న ఖర్చుకు ఒకటిన్నర రెట్లు పరిమితి పెట్టండి. 40,000 రూపాయలు అనుకుంటే 60,000. మరీ దగ్గరగా పెడితే హోల్డులే పరిమితిని తినేస్తాయి. అప్పుడు ఓడ మీ ఖాతా స్తంభింపజేస్తుంది, భోజనాల బల్ల దగ్గర కార్డు పనిచేయక అందరి ముందూ ఇబ్బంది. అసలు పరిమితే పెట్టకపోతే ఏ తప్పుకైనా దారి తెరిచినట్టే. ఓడ చివరి బిల్లు తీసుకునేటప్పుడు ఓటీపీ అడగదని గుర్తుంచుకోండి. ఎక్కేరోజు మీరు ఇచ్చిన అనుమతి మీదే ఆ డబ్బు పోతుంది.

ఈ-మెయిల్ అలర్టులు కూడా ఆన్ చేయండి. ఎస్ఎంఎస్ సముద్రంలో రాదు, ఈ-మెయిల్ వైఫైలో వస్తుంది. కొన్ని బ్యాంకు యాప్‌లు సిమ్ పనిచేయకపోతే తెరుచుకోవు కూడా, కాబట్టి యాప్ ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు.

ఇక ఏజెంటు దగ్గర బుక్ చేసిన వాళ్ళ సంగతి. 'అన్నీ కలిపే సార్' అన్న మాట కాగితం మీద లేకపోతే దానికి విలువ లేదు. టిప్పులు, పోర్టు పన్నులు, వైఫై, ఒడ్డు మీద తిప్పే టూర్లు ప్యాకేజీలో ఉన్నాయో లేవో ఒక్కొక్కటిగా వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. ముందే కట్టిన ప్రతిదానికీ బుకింగ్ నంబరు ఉన్న రసీదు ప్రింటు తీసి పాస్‌పోర్టుతో పాటు పెట్టుకోండి. ఒకసారి కట్టింది మళ్ళీ పద్దులో పడితే ఓడ కౌంటర్లో మీ మాట నిలబెట్టేది ఆ కాగితమే. ఫోన్‌లో మెయిల్ వెతుక్కుంటూ నిలబడితే వైఫై కూడా సహకరించదు.

రెండో పని: తప్పనిసరిగా పడేవాటిని ముందే లెక్కవేయండి

మోసం అనుకుని గొడవపడే చాలా లైన్లు నిజానికి నిబంధనల్లో ఉన్నవే. అమెరికా కంపెనీల పెద్ద ఓడల్లో టిప్పు పేరుతో మనిషికి రోజుకు సుమారు 16 నుంచి 20 డాలర్లు దానంతట అదే పద్దులో పడుతుంది. 18 డాలర్లు అనుకుంటే నలుగురి కుటుంబానికి నాలుగు రాత్రులకు 288 డాలర్లు. కొన్ని కంపెనీల్లో పసిపిల్లకు కూడా లెక్కే. ముందు తెలియకపోతే చివరి రోజు గుండె గుభేలుమంటుంది. పానీయాల మీద విడిగా 18 నుంచి 20 శాతం సర్వీస్ ఛార్జి ఉంటుంది. ఒక గదిలో ఒకరు మద్యం ప్యాకేజీ కొంటే ఆ గదిలోని పెద్దలందరూ కొనాలనే నియమం కొన్ని కంపెనీల్లో ఉంది. తాగని ఇల్లాలి పేరు మీద కూడా ప్యాకేజీ పడేది అందుకే.

గది బాల్కనీలో సిగరెట్ కాలిస్తే 250 నుంచి 500 డాలర్ల జరిమానా నేరుగా ఖాతాలో వేస్తారు. ఈతకొలను దగ్గర తీసుకున్న తువ్వాలు వెనక్కి ఇవ్వకపోతే 20, 25 డాలర్ల దాకా పడొచ్చు. తువ్వాలు ఇచ్చేటప్పుడు మీ కార్డు గీకుతారు. తిరిగి ఇచ్చేటప్పుడు కూడా గీకించుకోవాలి. కుప్పలో పడేసి వచ్చేస్తే పుస్తకంలో అది మీ దగ్గరే ఉన్నట్టు లెక్క.

బిల్లు ఏ డబ్బులో వస్తుందో కూడా చూసుకోండి. మన తీరం నుంచి తిరిగే ఓడల్లో రూపాయలు, సింగపూర్ నుంచి బయల్దేరే వాటిలో కంపెనీని బట్టి సింగపూర్ డాలర్లు గానీ అమెరికా డాలర్లు గానీ. కార్డు నమోదు చేసేటప్పుడు కొన్ని ఓడలు 'రూపాయల్లోనే తీసుకోమంటారా' అని అడుగుతాయి, లేదా ఆ పెట్టెలో ముందే టిక్కు పెట్టి ఉంచుతాయి. వినడానికి బాగుంటుంది గానీ, ఆ రేటు మీ బ్యాంకు రేటు కన్నా మూడు నాలుగు శాతం ఎక్కువ ఉండటం మామూలే. ఆ టిక్కు తీసేయండి. ఓడ డబ్బులోనే తీసుకోమని చెప్పండి.

మూడో పని: ఎక్కిన రోజే కౌంటర్‌కి వెళ్ళండి

గెస్ట్ సర్వీసెస్ అనే కౌంటర్ ప్రతి ఓడలోనూ ఉంటుంది. ఎక్కిన రోజు మధ్యాహ్నం అందరూ భోజనశాలలో ఉంటారు. ఆ గంటలోనే వెళ్ళి మూడు పనులు చేయించుకోండి.

మొదటిది పిల్లల కార్డులు. చాలా ఓడల్లో పిల్లాడి కార్డు కూడా అమ్మానాన్నల ఖాతాకే కలిసి ఉంటుంది. వీడియో గేమ్ మెషిన్ ఎవరు గీకారో చూడదు. ఒక ఆట ఒకటి రెండు డాలర్లే కదా అనిపిస్తుంది, పది పన్నెండేళ్ళ పిల్లలు ఇద్దరు ఒక మధ్యాహ్నం అక్కడ కూర్చుంటే లెక్క ఎక్కడికో పోతుంది. కౌంటర్లో పిల్లల కార్డులు చూపించి 'ప్లీజ్ రిమూవ్ ఛార్జింగ్ ఫ్రమ్ దీజ్ కార్డ్స్' అనండి. లేదా రోజుకు ఇంత అని పరిమితి పెట్టమనండి. తర్వాత వెంటనే ఆ కార్డుతో ఏదైనా చిన్నది కొనబోయి చూడండి. కార్డు తీసుకోకపోతేనే పని అయినట్టు.

రెండోది క్యాసినో. చాలా ఓడల్లో క్యాసినోలో కార్డు గీకి ఖాతా మీదే ఆట డబ్బు తీసుకోవచ్చు, దానికి పైన రుసుము కూడా ఉంటుంది. అవసరం లేని వాళ్ళు ఆ వీలును పూర్తిగా మూయించండి. ఇంట్లో ఎవరి చేయి ఆగదో వాళ్ళ కోసం కూడా ఇది మంచి పనే, ఇందులో మొహమాటం వద్దు.

మూడోది ఎవరి ఖర్చు ఎవరి కార్డుకి అన్న లెక్క. మన వైపు నుంచి వెళ్ళేది తరచూ పెద్ద కుటుంబమే. అన్నదమ్ములిద్దరు, వాళ్ళ సంసారాలు, అవ్వాతాతలు కలిపి మూడు గదులు. బుకింగ్ చేసింది పెద్దాయన అయితే కొన్నిసార్లు మూడు గదుల ఖర్చూ ఆయన కార్డుకే కలిపేస్తారు. చివరి రోజు అన్నదమ్ముల మధ్య లెక్క కుదరదు, నోరు జారుతుంది. ఏ గది ఏ కార్డుకో కౌంటర్లో చెప్పి, తెర మీద చూపించమని అడగండి.

అక్కడే ఫొటో సంగతీ చూసుకోండి. ఎక్కేటప్పుడు ప్రతి ఒక్కరి ఫొటో తీస్తారు. ఎక్కడ కార్డు గీకినా ఆ ఫొటో అమ్మేవాళ్ళ తెర మీద వస్తుంది. నల్ల కళ్ళజోడుతో, తల దించుకుని దిగిన ఫొటో ఉంటే ఆ కాపలా పనికిరాదు. మళ్ళీ తీయమనండి, తీస్తారు.

నాలుగో పని: కార్డునూ చీటీనూ చేతిలో పట్టుకోవడం

కార్డును ఫోన్ కవర్‌లో, అయస్కాంతం బటను ఉన్న పర్సులో పెట్టకండి. నల్ల గీత ఉన్న కార్డులు అయస్కాంతానికి చెడిపోతాయి. చెడిపోయిన కార్డు గీకితే పనిచేయదు, అప్పుడు బార్‌లో కుర్రాడు 'గది నంబరు చెప్పండి సార్' అని చేత్తో కొడతాడు. చాలా తప్పులు దూరేది ఆ సందులోనే. 8214 అని మీరు చెబితే ఆ గోలలో 8241 అని పడుతుంది, లేదా ఎవరో 8241 అంటే మీకు పడుతుంది. కార్డు ఒకటి రెండుసార్లు మొరాయించగానే కౌంటర్లో కొత్తది రాయించుకోండి. గది నంబరు నలుగురిలో గట్టిగా చెప్పకండి, వేలితో చూపించండి లేదా చీటీ మీద మీరే రాయండి. కార్డు మీద గది నంబరు అచ్చు వేయకపోతే అది భద్రత కోసమే, మరచిపోతామని పెన్నుతో రాసుకోవద్దు.

ఇప్పుడు ఒక చీటీని దగ్గరగా చూద్దాం. కాఫీ 5.00 డాలర్లు. దాని కింద సర్వీస్ ఛార్జి 18 శాతం, 0.90. కింద మొత్తం 5.90. దానికీ కింద ఇంకో ఖాళీ గీత, 'అడిషనల్ టిప్' అని. ఆ కింద 'టోటల్' అని మళ్ళీ ఖాళీ. చివర్లో గది నంబరు, పేరు, సంతకం. చాలామంది మొత్తం 5.90 చూసి సంతకం గీకి ఇచ్చేస్తారు. ఖాళీ గీత ఖాళీగానే మిగిలిపోతుంది. దాంట్లో తర్వాత ఎవరైనా 5 అని రాస్తే మీ సంతకం కిందే ఉంటుంది, మీరు రాసిందేనని అంటే కాదనడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. చెక్కు మీద 'మాత్రమే' అని రాసి గీత కొట్టినట్టే ఇక్కడా చేయాలి. టిప్ గీత మీద అడ్డంగా ఒక కొట్టుడు గీత, టోటల్ దగ్గర 5.90 అని మీ చేతిరాత, ఆ తర్వాతే సంతకం. అంతకన్నా ముందు చూడాల్సింది గది నంబరు, పేరు. చీటీ రెండో ప్రతి అడిగి తీసుకోండి. ఇవ్వమంటే ఇస్తారు, అడగకపోతే చాలాచోట్ల ఇవ్వరు. ప్రతి లేకపోతే ఫోన్‌తో ఫొటో తీయండి.

సంతకం ఒకే తీరులో ఉండాలి. తెలుగులో సంతకం చేసే అవ్వాతాతలు తెలుగులోనే చేయొచ్చు, ఏ ఇబ్బందీ లేదు. అయితే ఒకసారి తెలుగు, ఒకసారి పొడి అక్షరాలు వద్దు. తగాదా వచ్చినప్పుడు కౌంటర్ వాళ్ళు పాత చీటీలు తీసి పోల్చేది ఆ సంతకాన్నే. ఇంగ్లీషు చదవలేని పెద్దవాళ్ళకు మొత్తం అంకె ఎక్కడ ఉంటుందో, గది నంబరు ఎక్కడ ఉంటుందో మొదటి చీటీ మీదే వేలు పెట్టి చూపించండి. అంకెలు అందరికీ తెలుసు. కార్డు ఇంకొకరి చేతికిచ్చి 'నువ్వే తెచ్చిపెట్టు నాయనా' అనడం మాత్రం మాన్పించండి.

ఉచితంగా ఇచ్చినట్టు కనిపించేవి అడిగి తీసుకోండి. భోజనాల బల్ల మీద ముందే పెట్టిన సీసా నీళ్ళు, గదిలోని చిన్న ఫ్రిజ్‌లో ఉన్నవి, కౌంటర్లో పిండి ఇచ్చే తాజా రసం. 'ఈజ్ దిస్ ఇన్‌క్లూడెడ్' అన్న మూడు మాటలు వస్తే చాలు. ఫ్రిజ్‌లోవి వాడేది లేకపోతే గది ఊడ్చే మనిషికి మొదటి రోజే చెప్పి తీయించేయండి. మీ మందులూ పాలూ పెట్టుకోవడానికి జాగా కూడా దొరుకుతుంది.

స్పాలో మాత్రం రవ్వంత గట్టిగా ఉండాలి. మసాజ్ అయ్యాక నూనెలు, క్రీములు రాసి ఒక చీటీ చేతిలో పెడతారు. అది సలహా చీటీనా, కొన్నట్టు బిల్లా చూసుకోకుండా సంతకం పెట్టకండి.

ఓడ వైద్యుడి దగ్గరికి వెళ్ళాల్సి వస్తే ఆ ఫీజు కూడా ఖాతాలోనే పడుతుంది, తక్కువేమీ ఉండదు. వివరంగా రాసిన బిల్లు, రోగం పేరు ఉన్న కాగితం అక్కడికక్కడే తీసుకోండి. ఇన్సూరెన్సు వాళ్ళు అడిగేది అవే.

కార్డు పోతే

గదిలో వెతుకుతూ గంట పోగొట్టకండి. కౌంటర్‌కి వెళ్ళి పాత కార్డును రద్దు చేయమని అడగండి. 'ఇంకో కార్డు ఇవ్వండి' అంటే కొన్నిసార్లు అదే నంబరుతో నకలు ఇస్తారు, పోయిన కార్డు పనిచేస్తూనే ఉంటుంది. రద్దు అయ్యిందని చెప్పిన సమయం రాసుకోండి. ఆఖరిసారి మీరు ఎక్కడ ఏం కొన్నారో గుర్తుచేసుకుని, ఆ తర్వాత పడిన లైన్లన్నీ చదివి వినిపించమనండి.

అయిదో పని: ప్రతి సాయంత్రం పద్దు చూడండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మిగతావన్నీ మరిచినా ఇది మరవకండి. భోజనానికి తయారయ్యే ముందు పది నిమిషాలు చాలు.

ఖాతా చూడటానికి మూడు దారులు ఉంటాయి. గదిలో టీవీ, కంపెనీ యాప్, కౌంటర్ దగ్గర యంత్రం. చాలా ఓడల్లో యాప్ ఓడ వైఫై మీద ఇంటర్నెట్ కొనకుండానే నడుస్తుంది. ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని నాలుగు గడులు గీయండి: తేదీ, ఎక్కడ, ఎవరు, ఎంత. పగలంతా జేబులో పడిన చీటీలు బల్ల మీద పరిచి, తెర మీది ఒక్కో లైనుకూ ఒక్కో చీటీ జతచేసి టిక్కు పెట్టండి. చీటీ ఉండి లైను లేకపోతే కంగారు వద్దు. కొన్ని లైన్లు కొన్ని గంటలు ఆలస్యంగా ఎక్కుతాయి, రేపు చూడండి. లైను ఉండి చీటీ లేకపోతే ముందు ఇంట్లోవాళ్ళను అడగండి. సగం అక్కడే తేలిపోతుంది, 'నేనే ఐస్‌క్రీం తెచ్చుకున్నా' అంటారెవరో. ఎవరూ కాదంటే ఆ లైను చుట్టూ గీత గీసి అప్పుడే కౌంటర్‌కి వెళ్ళండి.

మొదటి సాయంత్రం ప్రత్యేకంగా చూడాల్సినవి ముందే కట్టినవి: టిప్పులు, వైఫై, ప్రత్యేక రెస్టారెంట్ బుకింగులు, ఒడ్డు టూర్లు. ఓడలో ఖర్చు పెట్టుకోమని కంపెనీ మీకు ముందే ఇచ్చిన సొమ్ము (క్రెడిట్) ఏదైనా ఉంటే అది కూడా ఖాతాలో కనిపించాలి. వాతావరణం వల్ల ఓడ ఏదైనా రేవుకు పోకపోతే ఆ టూరు డబ్బు, ఆ రేవు పన్ను వెనక్కి పడ్డాయో లేదో ఆ రోజు సాయంత్రమే చూసుకోండి.

కౌంటర్లో కోపం పనికిరాదు, లైను నంబరు పనికొస్తుంది. తేదీ, సమయం, ఏ బార్ లేదా అంగడి, ఎంత అన్నది చెప్పి, సంతకం ఉన్న చీటీ చూపించమని అడగండి. చీటీలు కొన్నాళ్ళు ఓడలోనే ఉంటాయి, తీసి చూపగలరు. సంతకం మీది కాకపోతే, గది నంబరు వేరేదైతే, ఆ బార్ మేనేజరును అడిగి లైను తీసేస్తారు. 'రేపు చెబుతాం' అంటే మాట్లాడిన మనిషి పేరు బ్యాడ్జి చూసి రాసుకోండి, ఫిర్యాదు నమోదు చేసిన కాగితం ప్రింటు అడగండి. డబ్బు వెనక్కి ఇచ్చినప్పుడు పాత లైను చెరిగిపోదు, దాని కింద మైనస్ గుర్తుతో ఇంకో లైను పడుతుంది. ఆ లైను మీ కళ్ళతో చూసేదాకా పని అయినట్టు కాదు.

ఇక ఫోన్. సముద్రంలోకి వెళ్ళగానే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై మాత్రం ఆన్ చేయండి. ఓడకు సొంత మొబైల్ టవర్ ఉంటే మీ ఫోన్ దానికి తగులుకుని రోమింగ్ బిల్లు లేపుతుంది. అది ఓడ ఖాతాలో కూడా కనిపించదు, నేరుగా సిమ్ కంపెనీ నుంచి వస్తుంది. గదిలో ఉన్న ఫోన్‌తో ఇంటికి మాట్లాడటం కూడా మానండి.

ఆరో పని: దిగే ముందు రాత్రి

చివరి బిల్లు ఆ రాత్రి తలుపు కిందినుంచి తోస్తారు, లేదా యాప్‌లో వస్తుంది. తెల్లవారితే కౌంటర్ ముందు తిరుమల క్యూలా ఉంటుంది. అందుకని చివరి రోజు మధ్యాహ్నమే అప్పటిదాకా ఉన్న లెక్క ప్రింటు తీయించి చూసుకోండి. మళ్ళీ రాత్రి పదకొండు దాటాక, ఆటపాటలు ముగిసి జనం పడుకున్నాక, ఒకసారి వెళ్ళండి. చాలా ఓడల్లో కౌంటర్ రాత్రంతా తెరిచే ఉంటుంది. ఆ వేళ అక్కడ కూర్చున్న మనిషికి మీ మాట వినే తీరిక ఉంటుంది. ఫ్రిజ్‌లో ఏమి తగ్గాయో చూసేది ఆఖరి పొద్దున, కాబట్టి గది వదిలేముందు ఫ్రిజ్ లోపల ఫొటో తీయండి. సామాను బయట పెట్టేటప్పుడు నోటుబుక్కూ చీటీలూ పెద్ద పెట్టెలో పెట్టేయకండి. ఆ పెట్టెలు రాత్రే తీసుకుపోతారు, పొద్దున మీ చేతిలో ఏమీ ఉండదు.

'దిగండి సార్, తర్వాత సరిచేస్తాం' అంటే ఒప్పుకోకండి. ఒప్పుకోక తప్పని పరిస్థితి వస్తే ఆ లైను మీద అభ్యంతరం ఉందని రాసిన కాగితం మీద వాళ్ళ సంతకం తీసుకుని, ఓడలో ఉండగానే కంపెనీకి ఈ-మెయిల్ పంపండి. ఎందుకింత పట్టుబట్టాలంటే, చాలా విదేశీ కంపెనీల టికెట్ ఒప్పందాల్లో తగాదాలన్నీ ఫలానా ఊరి కోర్టులోనే అన్న షరతు ఉంటుంది. అలాంటి షరతు చెల్లుతుందని అమెరికా సుప్రీం కోర్టు 1991లోనే తీర్పు ఇచ్చింది. 60 డాలర్ల కోసం అనంతపురం నుంచి ఫ్లోరిడా కోర్టుకి ఎవరు పోతారు?

ఇంటికి వచ్చాక

ముందుగా హోల్డునూ అసలు బిల్లునూ వేరుచేసి చూడండి. ఫోన్‌కి సిగ్నల్ రాగానే పాత ఎస్ఎంఎస్‌లు ఒక్కసారిగా కురుస్తాయి, రెండింతలు పోయినట్టు కనిపిస్తుంది. వారం పది రోజులు ఆగినా హోల్డు విడుదల కాకపోతే బ్యాంకును అడగండి. కార్డు స్టేట్‌మెంట్ మొత్తం ఓడ ఇచ్చిన చివరి బిల్లుతో సరిపోవాలి. విదేశీ డబ్బులో వాడినందుకు బ్యాంకు వేసే రెండు నుంచి మూడున్నర శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ అదనంగా ఉంటాయి. అవి ఓడ తప్పు కాదు.

మీరు దిగాక కొత్త లైను పడితే కంపెనీకి మెయిల్ చేసి ఆధారం అడగండి, అదే రోజు బ్యాంకుకీ రాయండి. రెండు రకాల ఫిర్యాదులున్నాయి, కలిపేయకండి. ఓడ ఎక్కువ లెక్క వేసిందంటే అది వ్యాపారితో తగాదా: బ్యాంకులో డిస్ప్యూట్ ఫారం నింపి చివరి బిల్లు, చీటీల ఫొటోలు, మెయిళ్ళు జతచేయాలి. ఓడకు సంబంధమే లేని చోట మీ కార్డు వాడేశారంటే అది అనధికార లావాదేవీ: కార్డు బ్లాక్ చేసి, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. దీనికి రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఆదేశాలున్నాయి. తప్పు మీదీ బ్యాంకుదీ కాక మూడోవాళ్ళ వల్ల జరిగితే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు చెప్పినవాళ్ళ మీద భారం పడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే కొంత పడుతుంది. ఏడు దాటితే బ్యాంకు తన సొంత విధానం ప్రకారం తేలుస్తుంది. బ్రాంచికి వెళ్ళి నోటితో చెప్పి రావడం కాదు, ఫిర్యాదు నంబరు తీసుకోండి. 30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్ళొచ్చు, వివరాలకు 14448కి ఫోన్ చేయండి.

ఏజెంటు కాగితం మీద చేర్చినట్టు రాసి ఇచ్చింది ఓడలో మళ్ళీ కట్టాల్సి వస్తే దారి ఇంకా దగ్గర. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే, కర్నూలైనా కడపైనా అనంతపురమైనా, రెండేళ్ళలోపు ఫిర్యాదు వేయొచ్చు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే కొన్ని అక్కడే పరిష్కారమవుతాయి.

బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకాన్ని ఆఫ్ చేసేది చివరి బిల్లు ఖరారై, హోల్డులన్నీ విడుదలయ్యాకే. ఈలోగా పరిమితిని మాత్రం తగ్గించి పెట్టండి. నోటుబుక్కు, చీటీలు, ఓడ ఇచ్చిన చివరి బిల్లు ఒక కవర్లో వేసి రెండు స్టేట్‌మెంట్లు వచ్చేదాకా బీరువాలోనే ఉంచండి.